పాసింజరు ఆగు ఊళ్లు

విజయవాడనుండి ఒంగోలునకు పోదలచినవారికి రెండు దారులు కలవు. మొదటిది కారువారి దారి. అది మంగళగిరి కొండను ప్రక్కగా చూచి, గుంటూరును అంటియు అంటక, చిలకలూరిపేట మీదుగా, మిరపయు ప్రత్తియు పొగాకును పండు నల్లరేగడి మెట్టల నడుమ విశాలముగా సాగిపోయి, టోల్‌గేట్ల యొద్ద మాత్రము క్షణకాలము వేగము తగ్గించుకొని, ఏ ఊరి నడిబజారును చూడకయే ఒంగోలు చేరును. రెండవది రైలుదారి. 1899లో బెజవాడను మదరాసుతో కలిపిన ఈ యినుపదారి కృష్ణను దాటిన పిమ్మట మెట్టవైపు కన్నెత్తి చూడక డెల్టాలోనికి దిగి, దుగ్గిరాల, తెనాలి, చుండూరు, నిడుబ్రోలు, బాపట్ల, స్టువర్టుపురము, చీరాల, వేటపాలెము, చినగంజాము అను ఊళ్లను ఒక్కొక్కదానినే పలుకరించుచు, వరిచేల పచ్చదనమునుండి ఉప్పుమడుల తెల్లదనము వరకు నడచి, సుమారు 140 కిలోమీటర్ల పిదప ఆ ఒంగోలే చేరును. రెండింటికిని బయలుదేరు చోటు ఒకటి, చేరు చోటు ఒకటి. నడుమ మాత్రము పరస్పరదర్శనము లేదు. కావున ఏటేట ఈ ప్రయాణమును కారులో చేయు పెద్దమనుష్యుడు తెనాలి మొగము చూడకయే తన జీవితకాలమంతయు గడపవచ్చును. గడపినవారు నాకు తెలిసినవారిలోనే కొందరు కలరు. తీరమువెంట 216వ జాతీయ రహదారి రేపల్లె, బాపట్ల, చీరాలల మీదుగా పోవుచున్నదన్న మాట నిజమే. కాని తొందర గలవాడు దానిని పట్టడు. తొందర లేనివానికి రైలుండగా అది యెందులకు?

నాకు కారు లేదు. కొనవలెనను కోరికయు నన్నెన్నడును అంతగా బాధింపలేదు. దీనిని వైరాగ్యమని ఎవరును పొరబడవలదు. చిన్న ఊళ్లను చూచుటకు కారు లేకుండుట లోపము కాదనియు, అది ఇంచుమించు ఒక అర్హతయే యనియు నా నమ్మకము. కారులో వచ్చినవాడు తన యింటిని వెంటబెట్టుకొని వచ్చును. త్రాగునీరు సీసాలో నుండును. చల్లదనము యంత్రమునుండి వచ్చుచుండును. త్రోవ చెప్పుటకు ఫోను పలుకుచునే యుండును. అన్నిటికి మించి, ఊరు రుచింపకపోయిన మరునిమిషముననే వెడలిపోవుటకు తాళపుచెవి జేబులోనే యుండును. ఆ ఊరితో అతనికి అవసరము లేదు. అవసరము లేనివానికి ఏ ఊరును తన్ను తాను చూపుకొనదు. రైలు దిగినవాని స్థితి వేరు. వానికి దాహమగును, ఆకలియగును, ఎండ తగులును, త్రోవ తెలియదు. తిరుగుబండి సాయంత్రమునకు గాని లేదు. కావున వాడు ఎవరినో ఒకరిని అడుగవలెను, ఎవరి యరుగుమీదనో కూర్చుండవలెను, ఆ యూరివారు తినునదే తినవలెను, వారు నడచు నీడననే నడవవలెను. ఈ పరాధీనతయే పరిచయమునకు మూలము.

కారు నడుపుటలో ఆరితేరిన నా మిత్రుడొకడు ఈ వాదమును ఒప్పుకొనడు. స్వేచ్ఛ యనునది చక్రములమీదనే యున్నదనియు, ఇచ్చవచ్చిన చోట ఆగగలుగుటకంటె సుఖము లేదనియు అతని మతము. ఆగగలుగుట సరియే, ఆగుదురా యనునది ప్రశ్న. నేను చూచినంతవరకు కారువారి స్వేచ్ఛలో మూడువంతులు ఆగకుండుటకే వినియోగపడుచున్నది. ఒక గుడి, ఒక సముద్రతీరము, ఒక ఫొటో, పిమ్మట మరియొక ఊరు. సాయంకాలమునకు ఏది ఏ ఊరిలో చూచినదో ఇంటివారితో తగవు. రైల్వేవారి కాలపట్టిక ఈ స్వేచ్ఛను హరించి, దానికి మారుగా ఎవరును కోరని ఒక వస్తువు నిచ్చును: మూడు గంటల తీరిక. గుడి చూచుట అయినది, కాఫీ త్రాగుట అయినది, బజారు ఈ కొననుండి ఆ కొనకు నడచుటయు అయినది, బండి రాదు. చూడవలసినవన్నియు ముగిసిన తరువాత మిగిలిన ఆ కాలములోనే ఊరు మెల్లగా కనబడ నారంభించును. బడి విడిచిపెట్టుట, కుళాయివద్ద బిందెల వరుస, మందులదుకాణమువాడు మధ్యాహ్నము తలుపు సగము మూసి కునికిపాట్లు పడుట, ఇవి ఏ యాత్రాదర్శినిలోను ఉండవు. ఉన్నను వానికొరకు ఎవరును ప్రయాణము చేయరు.

పాసింజరును గూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. ఇప్పుడు మెమూ అని పిలువబడుచున్న ఈ బండి ఆగవలసిన ప్రతి స్టేషనులోను ఆగును. ఆగనక్కరలేని చోటులను గూడ తరచుగా ఆగును. వెనుక ఏ సూపర్‌ఫాస్టో, ఏ రాజధానియో వచ్చుచున్నదని తెలిసినంతనే, పెండ్లింట పేదచుట్టమువలె ఇది లూపులైనులోనికి ఒదిగి నిలుచును; అద్దాల పెట్టెలలో నిద్రించుచున్నవారు ధూళి రేపుకొనుచు మనలను దాటిపోవుదురు. కిటికీలకు తెరలు లేని మనకో, ఆ పావుగంట తాటితోపును, చేలగట్టున ఒంటికాలిమీద నిలిచిన కొంగను, పేరు తెలియని ఒక పల్లెలో ఆరవేసిన బట్టలను చూచుటకు దొరకును. 2020లో వచ్చిన మహమ్మారి ఈ బండ్లను ఆపివేసినది. పిమ్మట అవి ఎక్స్‌ప్రెస్ అను పెద్దపేరుతో మరల వచ్చినప్పుడు పది రూపాయల కనీసపు టికెట్టు ముప్పది రూపాయలయినది. బండి వేగములో ఏ మార్పును లేదు, పేరులోను వెలలోను మాత్రమే మార్పు. 2024 ఫిబ్రవరిలో ఆ వెల మరల పదిరూపాయలకు దిగినది. ఎంత ధనికునకైనను పది రూపాయలకు ఒక క్రొత్త ఊరిని అమ్ము అంగడి ఈ దేశమున మరియొకటి ఉన్నదని నే నెరుగను.

పెట్టెలోని జనము సంగతి వేరుగా వ్రాయదగినది. జామకాయల గంపలు, పూలబుట్టలు, చీరల మూటలు, కాలేజీ పిల్లల సంచులు, వేసవిలో ముంజలు. అందరికిని అందరును తెలిసినట్లే యుందురు. ఒకమారు చుండూరు దాటిన పిమ్మట నా కెదురుగా కూర్చున్న వృద్ధురాలు చాలసేపు నన్ను పరీక్షగా చూచి, "ఎవరింటికి బాబూ?" అని అడిగినది. ఎవరింటికిని కాదనియు, ఊరు చూడవచ్చితిననియు చెప్పితిని. ఆమె నమ్మలేదు. "మా ఊళ్లో చూట్టానికేముంది నాయనా, దుమ్ము తప్ప!" అని చెప్పి, ఆ వెంటనే రాములవారి గుడి, దానిముందరి రావిచెట్టు, ఆ చెట్టు క్రింద ఒకప్పుడు జరిగిన నాటకములు, ఆ నాటకములకు సొమ్ము పోసి చితికిపోయిన ఒక మోతుబరి, ఆయన కోడలి చేతి గోంగూరపచ్చడి, వీనినన్నిటిని నిడుబ్రోలు వచ్చువరకు వర్ణించినది. ఏమియు లేదనుట ఈ ప్రాంతమున వర్ణనకు ఉపోద్ఘాతము. మామ్మగారి ఊరు రైలుకట్టకు రెండు మైళ్ల దూరమట. ఆమె దిగిపోవుచు, "ఈసారి మా ఇంటికే రా" అన్నది గాని, ఇంటిపేరు చెప్పుట మరచినది.

ఇక ఊళ్లు. కృష్ణ దాటిన తరువాత మొదట చెప్పదగిన దుగ్గిరాలను కంటికంటె ముందు ముక్కు గుర్తించును. పసుపుపంట యార్డునకు చేరు దినములలో ఆ ఊరి గాలియే వేరు. వండి, ఎండబెట్టి, మెరుగుపెట్టిన కొమ్ముల ఘాటు స్టేషనువరకు వచ్చి బండి యెక్కును. దేశములోని పెద్ద పసుపుమార్కెట్లలో ఇది ఒకటి. యార్డులో కుప్పల నడుమ తిరిగి వచ్చినవాని చొక్కా చూచి ఇంటివారు ఏ శుభకార్యమునకు పోయితివని అడుగుదురు.

తెనాలిలో తీరికగా ఆగవలెను. ఈ పట్టణమునకు ఆంధ్రా ప్యారిస్ అను బిరుదము కలదు. తూర్పుకాలువ, పడమటికాలువ, నిజాంపట్నపు కాలువ అను మూడు కాలువలు ఊరి మధ్యనుండి పారుచుండుట చూచి, ఎవరో రసికుడు ఆ పేరు పెట్టియుండును. అతడు కాలువలు కట్టివేయు వైశాఖమాసమున వచ్చి, గుర్రపుడెక్క క్రింద బయటపడు చెత్తను చూచియుండినచో ఏమనియుండునో ఊహింపలేను. నీరు వదలిన తరువాత మాత్రము ఆ బిరుదమును తీసివేయ మనసురాదు. సాయంకాలము వంతెనలమీద నిలువబడి మాటలాడుట ఇక్కడివారికి నిత్యకృత్యము. ఊరిలో రాజకీయమైనను, నాటకమైనను, సినిమాయైనను అక్కడనే మొదట పుట్టునని తోచును. కొడవటిగంటి కుటుంబరావు ఈ ఊరివాడు, చక్రపాణి ఈ ఊరివాడు. ఇరువురును చందమామకు పనిచేసి తెలుగుదేశపు పిల్లల బాల్యమును తీర్చిదిద్దినవారు. త్రిపురనేని రామస్వామి చౌదరి ఇచ్చట మునిసిపల్ ఛైర్మనుగా ఉండెను. పురాణములపై తిరుగుబాటు చేసిన కవికి వీధిదీపముల లెక్కలు చూచు పని అప్పగించిన ఊరు వేరొకటి కలదో లేదో!

స్టేషను వెలుపల ఆటోవారిని తప్పించుకొని బజారువైపు నడచిపోయినచో రణరంగచౌకు వచ్చును. 1942 ఆగస్టు 12వ తేదీన, క్విట్టిండియా ఉద్యమపు తొలిదినములలో, ఇక్కడి జనము రైల్వేస్టేషనును తగులబెట్టెను. పోలీసుల కాల్పులలో ఏడుగురు మరణించిరి. వారి స్మారకచిహ్నములు చౌకులో నిలిచియున్నవి. చుట్టును బట్టలకొట్లు, బంగారుకొట్లు, సెల్‌ఫోనుల దుకాణములు. నేను చదువుచు నిలుచుండగా ఒక మోటారుసైకిలువాడు స్తంభపునీడలో బండి నిలిపి చెమట తుడుచుకొనుచుండెను. ఏ రైలుబండినుండి నేను సుఖముగా దిగివచ్చితినో, ఆ రైలు తెల్లవారి ప్రభుత్వమునకు కండరములవంటిదని యెంచి దాని స్టేషనునే కాల్చిన ఊరిలో నేను బెల్లపు జిలేబీ తినుచు నిలిచియుంటిని. చరిత్రకు ఇట్టి వక్రోక్తులు ప్రియములు. జిలేబీ సంగతి చెప్పకపోయిన తెనాలివారు క్షమింపరు: పంచదారపాకములో వేసినది వేరు, బెల్లపుపాకములో వేసినది వేరు, రెండవది చూచుటకు నల్లగా నుండును, తిన్న పిమ్మట మొదటిది గుర్తునకు రాదు.

తెనాలినుండి ఒక శాఖామార్గము రేపల్లెకు పోవుచున్నది. 1916లో వేసిన ఈ దారి పొడవు ముప్పదినాలుగు కిలోమీటర్లకు మించదు. చినరావూరు, జంపని, వేమూరు, పెనుమర్రు, భట్టిప్రోలు, పల్లికోన. పేర్లు చదువుచుండగనే ప్రయాణము ముగియును. రేపల్లె తుదిస్టేషను, పట్టాలు అక్కడ ఆగిపోవును, ఇక పోదలచినవాడు బస్సెక్కవలెను. నా మట్టుకు నేను భట్టిప్రోలులోనే దిగుదును.

భట్టిప్రోలు స్టేషనులో దిగినవారిలో స్తూపమునకు పోవువాడు తరచుగా ఒక్కడే యుండును. కావున ఎటు పోవలెనని అడిగినంతనే ఊరివారు మనము ఎవరమో గ్రహింతురు. ఎండలో కొంత దూరము నడచినచో ఇండ్ల నడుమ ఒక్కసారిగా బయలు కనబడును. ఆ బయలులో పెద్ద యిటుకదిబ్బ. క్రీస్తునకు పూర్వపు శతాబ్దములనాటి మహాస్తూపమిది. పందొమ్మిదవ శతాబ్దమున దీని యిటుకలు రోడ్లలోనికిని, పాలరాళ్లు కాలువతూముల కట్టడములోనికిని తరలిపోయెను. డెల్టాకు నీరు తెచ్చిన ఇంజనీర్లను మనము పూజింతుము; పూజింపవలసినదే; వారి కట్టడములలో ఒకదానియందు బుద్ధుని స్తూపపు రాళ్లున్నవని మాత్రము స్మరింపము. మిగిలినదానిని 1892లో అలెగ్జాండర్ రే త్రవ్వించి, లోపల మూడు రాతికరండములను బయల్పరచెను. వాని మీది బ్రాహ్మీలేఖనములలో కుబిరకుడను రాజు పేరున్నది. దక్షిణదేశపు లిపుల పుట్టుకను విచారించు పండితులెవ్వరును నేటికిని ఈ ఊరి పేరు తలపక ముందునకు పోలేరు. రే వచ్చినప్పటికి ఈ ఊరికి రైలు లేదు. రైలు వచ్చునప్పటికి ఇక్కడ చూడవలసినవి ఊరు దాటిపోయినవి.

నేను కంచె లోపలికి పోయి పలుమారులు చూచినది ఆ యిటుకనే. మూరెడు పొడవు, జానెడుకు మించిన వెడల్పు; నేటి ఇటుకకంటె పొడవు ఇంచుమించు రెండింతలు. ఒక దానిమీద అరచేయి ఆన్చినచో, ఎండకు కాగి కాలుచున్నది. దాని అంచున, తడిగా నున్నప్పుడు ఎవరి వ్రేళ్లో నొక్కినట్లు మూడు పల్లములు కనబడినవి. అవి వ్రేళ్లగుర్తులే యని నిరూపింపలేను. నా వ్రేళ్లు వానిలో సరిగా కూర్చున్నవని మాత్రము చెప్పగలను. కాపలా చూచుచున్నవాడు పుస్తకములో పేరు వ్రాయుమన్నాడు. అంతకుముందు వ్రాసినవారు ఒక పాఠశాల విద్యార్థులు. ప్రయాణకారణమని యున్న గడిలో ఒకడు "సారు తీసుకొచ్చారు" అని నిజము వ్రాసినాడు. తరువాత ఏమియు పనిలేదు. దిబ్బ నీడలో మేకలు పండుకొనియున్నవి. నేనును కొంతసేపు వానికి ఎడముగా కూర్చుంటిని. కారువాని కిది పదినిమిషముల పని. నాకు రెండున్నర గంటల పనియైనది. ఆ రెండున్నర గంటలలోనే ఎదురింటి యిల్లాలు మజ్జిగ తెచ్చి ఇచ్చినది, తన చిన్నతనమున వానలు కురిసినప్పుడు ఆ దిబ్బమీద పూసలు దొరకెడివని చెప్పినది, ఇప్పుడు దొరకుటలేదా యని అడుగగా, "ఇప్పుడు పిల్లలు దిబ్బ మీదికి ఎక్కితేగా, అందరూ ఫోన్లేగా" అని నిట్టూర్చినది.

మరల పెద్దలైనుకు వత్తము. నిడుబ్రోలు అనునది రైతునాయకుడైన ఎన్.జి. రంగాగారి ఊరు, రైతుపిల్లలకు రాజకీయము నేర్పిన బడి నడచిన ఊరు. పొన్నూరునకు పోవువారు దిగవలసిన స్టేషనును ఇదియే. బాపట్ల భావనారాయణస్వామి పేర భావపురి యైనది. 1913లో మొదటి ఆంధ్రమహాసభ కూడినది ఇక్కడనే. గుడి ప్రశాంతముగా నుండును. సూర్యలంక సముద్రతీరమునకు ఆటోలు దొరకును గాని, ఆదివారమునాడు అచ్చట సముద్రముకంటె కార్లే అధికముగా కనబడును, నేనిక పోను.

బాపట్లకును చీరాలకును నడుమ స్టువర్టుపురము. ఈ స్టేషనును గూర్చి వినోదముగా వ్రాయరాదు. ఎరుకలవారిని పుట్టుకతోనే నేరస్థులని నేరజాతుల చట్టము ముద్రవేసిన కాలమున, వారిని ఒకచోట నిర్బంధించి మార్చవలెనని, 1913-14 ప్రాంతమున సాల్వేషన్ ఆర్మీవారి పెత్తనమున ఏర్పరచిన సెటిల్‌మెంటు ఇది. మదరాసు ప్రభుత్వపు ఒక దొర పేరు దీనికి పెట్టిరి. ఆ చట్టము 1952లో పోయినది. పేరు మాత్రము పసుపుపలకమీద నల్లని అక్షరములతో మూడు భాషలలో నిలిచియున్నది. ఈ స్టేషను వచ్చుచున్నదనగానే పెట్టెలను కాళ్లదగ్గరకు లాగుకొను ప్రయాణికులను నా చిన్నతనమున చూచితిని. ఎక్స్‌ప్రెస్ బండ్లలో పోవువారి కీ ఊరు ఒక వదంతి; పాసింజరులో పోవువారికి పుస్తకముల సంచి భుజమునకు తగిలించుకొని యెక్కి మన ప్రక్కన కూర్చుండు ఒక పిల్ల. బండి ఆగినందువలన కలుగు జ్ఞానములలో ఇది తక్కువది కాదు.

చీరాల పేరు చెప్పగానే చీరలు స్ఫురించుట సహజము. కాని ఈ ఊరు ఒకప్పుడు చేసిన పని చీరలకంటె గొప్పది. చీరాల, పేరాల గ్రామములను 1919లో కలిపి మునిసిపాలిటీగా చేసి, పన్నులు పలురెట్లు పెంచినప్పుడు, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట విని, 1921లో జనము తమ యిండ్లు తామే ఖాళీచేసి, ఊరు వెలుపల రామనగరమని పందిళ్లు వేసుకొని పదకొండు నెలలు ఎండలోను వానలోను నివసించిరి. పన్ను కట్టుటకంటె ఊరు విడుచుట మేలని ఒక పట్టణమంతయు నిశ్చయించుకొనుట ఎంతటి మాట! ఆ మొండితనపు లేశము నేటికిని ఈ ఊరి బేరములలో మిగిలియున్నదని నా అనుమానము. కుప్పడం చీరకు ఒకసారి వెల చెప్పిన నేతగాడు నూరు మాటలకును దిగడు.

చీరాలకు ఆనుకొనియే జాండ్రపేట. ఇంటింటను గుంటమగ్గము, అర్ధరాత్రి తప్ప తక్కిన వేళలలో ఆ వీధులలో నాడె చప్పుడు ఆగదు. ఇచ్చటి నేతగాండ్ర పెద్దలు నూలును నూనెలో నానవైచి అద్దకము చేసిన తేలియా రుమాళ్లను అరబ్బుదేశములకు పంపినవారు. ఒక ఉదయమున నేను పోవునప్పటికి వీధి పొడుగునను పడుగు సాచియుండిరి: కత్తెరగా పాతిన కర్రల మీద, నడుము ఎత్తున, వేలకొలది పోగులు ఒకే వెడల్పున, ఒకే బిగువున, వీధి ఈ మలుపునుండి ఆ మలుపువరకు. ఇరువురు ఎదురెదురుగా అటొకరు ఇటొకరు నిలిచి, గంజి చల్లిన పోగులపై పెద్ద కుంచెను ఒకే అడుగున, ఒకే ఊపున లాగుచు నడచుచుండిరి. ఒకని కాలు తప్పిన రెండవవాడు మాటాడక ఆగును, తెగిన పోగు ముడివేసికొని మరల నడచును. గంజివాసనయు, తడినూలు వాసనయు, లేయెండయు కలిసియుండెను. ఇంతలో చీరలు కొనవచ్చిన వారి కారు ఒకటి మలుపులో నిలిచి కూతపెట్టినది. పెద్దవాడు తల త్రిప్పకయే, "వెనక్కి తిప్పుకోండి బాబూ, ఆరేదాకా దారి లేదు" అన్నాడు. నేను కూడ వెనుదిరుగబోగా నన్ను చూచి, "నడిచేవాళ్లకి అడ్డమేముందండీ, గోడపక్కనుంచి రండి" అన్నాడు. గోడప్రక్కనుండి పోతిని. పడుగు చివర ముసలితల్లి యొకతె అరుగుమీద కండెలు చుట్టుచు, నా చొక్కాబట్టను వ్రేళ్లతో పట్టి చూచి, మరమగ్గముదని తేల్చి, ఇక దానిని గూర్చి మాటాడలేదు.

జాండ్రపేట దాటిన వేటపాలెము. జీడిపప్పు పొట్లములతో బండి యెక్కువారిని చూచి ఊరు వచ్చినదని గ్రహింపవచ్చును. కాని నేను ఈ దారిలో ఒక్క ఊరినే ఎంచుకొనవలసివచ్చిన యెడల దీనినే ఎంచుకొందును; కారణము సారస్వత నికేతనము. 1918లో ఊరి యువకులు పెట్టిన గ్రంథాలయమిది. 1929లో గాంధీమహాత్ముడు వచ్చి భవనమునకు శంకుస్థాపన చేసెను. ఆయన చేతికర్ర ఇచ్చటనే భద్రముగా నున్నది. నగరములలోని గొప్ప గ్రంథాలయములలో దొరకని ప్రాతపత్రికల సంపుటములకొరకు పరిశోధకులు దూరదేశములనుండి ఈ పల్లెటూరికి వత్తురు. నేను పరిశోధకుడను కాను. భారతి సంపుటము నొకదానిని అడిగితిని. అట్టమీది దుమ్ము తుడిచి బల్లమీద పెట్టిరి. పుటలు గోధుమవన్నెకు తిరిగియున్నవి; పురుగు ఒక పద్యము నడుమనుండి దూరి వెనుకపుటలోని విమర్శ గుండ బయటపడినది; పద్యమునకంటె విమర్శకే ఎక్కువ నష్టము కలిగినందున నాకు విచారము కలుగలేదు. అమృతాంజనము అమ్మినవారే భారతిని నడపినవారు. తలనొప్పిని పోగొట్టిన సొమ్ముతో సాహిత్యము సాగిన కాలము గదా అది. కిటికీ వెలుపల వేపచెట్టుమీద కాకి, లోపల పంకా చప్పుడు, ఎదుట దినపత్రిక చదువుచు చదువుచు నిద్రపోయిన ఒక విశ్రాంతోద్యోగి. తిరుగుబండి నలుబది నిమిషములు ఆలస్యమని ఫోనులో చూచి, మరియొక సంపుటము అడిగితిని.

వేటపాలెము దాటిన తరువాత నేల స్వభావమే మారును. చినగంజాము వద్ద వేసవిలో కిటికీనుండి చూచినచో ఉప్పుమడులు, మడుల గట్లమీద తెల్లని కుప్పలు, తాటియాకుల కప్పులు. కంటికి నొప్పి కలుగునంత వెలుగు. అక్కడనుండి ఒంగోలు ఎంతో దూరము లేదు.

ఇంతవరకు చెప్పినది విని ఈ ప్రయాణము కేవలము సుఖమని ఎవరైన నమ్మినచో అది నా తప్పగును. చిన్నస్టేషనులలో మరుగుదొడ్డికి తాళము వేసియుండును. తాళపుచెవి ఎవరియొద్దనున్నదో ఎవరికిని తెలియదు. సామాను దాచుకొనుటకు చోటుండదు. చీకటిపడిన పిదప ఒంటరిగా నున్న స్త్రీకి దీపములు వెలుగని ప్లాట్‌ఫారము సుఖమైన తావు కాదు. నేను తీరిక యని పొగడునది ఆమెకు భయమైన సమయములు కలవు. మోకాళ్లు సహకరింపని వృద్ధులు ఒక ప్లాట్‌ఫారమునుండి మరొకదానికి వంతెన మెట్లెక్కుట చూచునప్పుడు, కారును నిందించుటకు నోరు రాదు. వీనికి పరిష్కారము కారు కాదు, మంచి స్టేషను. నీరు, దీపము, తాళము లేని తలుపు, ఎక్కదగిన మెట్లు, వీనికి అగు వ్యయము ఒక పై వంతెనకగు వ్యయములో ఎన్నవ వంతో లెక్కవేయుట కష్టము కాదు, లెక్కవేయదలచినవారు కావలెను. బండ్ల వేగము హెచ్చించు నుత్సాహములో చిన్న స్టేషనుల ఆగుదలలు ఎత్తివేయుట మరియొక కీడు. ఒక ఊరికి రైలు ఆగుట మానినచో ఆ ఊరిలోని పిల్ల కాలేజి మానును, నేతగాని మూట సంత మానును. నావంటివాడు రాకపోవుట ఆ నష్టములలో కడపటిది.

కావున చదువరులకు నా మనవి యొక్కటే. మీ యూరి స్టేషనులో ఏ బండ్లు ఆగుచున్నవో మీకు తెలియకపోవచ్చును. ఒకమారు పోయి పలకమీద చూడుడు. పోవు బండికంటె ముందు తిరుగుబండి వేళ వ్రాసికొనుడు. గొడుగును, చిల్లరయు వెంట నుంచుకొనుడు. వేటపాలెమునకు పోవువారు గ్రంథాలయము తెరచియుండు వేళలు ముందుగా కనుక్కొనుడు; జాండ్రపేటకు పోవువారు ప్రొద్దుననే పొండు, ఎండ ముదిరిన తరువాత పడుగు వీధిలో ఉండదు. పాసింజరునకు రిజర్వేషను లేదు. బండి వచ్చుటకు పది నిమిషముల ముందు టికెట్టు కిటికీయొద్ద నిలుచున్న చాలును.